పదముల యిరుగుపొరుగు

కడచిన సంవత్సరము మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను ఎడ్లబండిని గూర్చి యొక వ్యాసము వ్రాయుడని కోరితిమి. ట్రాక్టరు చొరని యూరు నేడు మా ప్రాంతమున లేదు గనుక, బండిని ప్రతిదినము చూచు పిల్లలు తరగతిలో నలుగురైదుగురు మాత్రమే యుండిరి. తక్కినవారు తిరునాళ్లలో చూచిన బండ్లను, సినిమాలలోని బండ్లను తలచుకొని వ్రాయుచుండిరి. ఒక బాలిక మాత్రము కలము చేత బట్టుకొని చాలసేపు ఊరకుండి, తుదకు లేచి, "మాస్టారండీ, చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర గుచ్చే మేకుంటుంది చూడండి, దాన్నేమంటారండీ?" అని యడిగినది. ఆమె తాత వడ్రంగి. ఒకప్పుడు చుట్టుప్రక్కల గ్రామములకెల్ల బండ్లు చేసి యిచ్చినవాడు. ఆ మేకు ఎంత పొడవుండునో, ఏ ప్రక్కనుండి గుచ్చవలెనో ఆ బిడ్డ చేతితో చూపినది. పేరు మాత్రము ఆమెకు తెలియదు. మాకు వస్తువే సరిగా తెలియదు. పేరు సంగతి చెప్పనేల?

పాఠశాలలో శబ్దరత్నాకరము కలదు. దానిని దెప్పించి బల్లమీద పెట్టుకొంటిమి. పెట్టుకొని యేమి చేయవలెను? ఏ యక్షరముకడ తెఱవవలెను? చక్రము చూచితిమి, ఇరుసు చూచితిమి, మేకు చూచితిమి. ఆ పదముల యర్థములు కనబడినవి గాని మేము వెదకుచున్నదాని జాడ మాకు దొరకలేదు. పేరు తెలిసినవానికే ఆ పుస్తకము తలుపు తీయును. ఇంతలో గంట కొట్టిరి. "ఇనుపముక్క" అని వ్రాయుమని చెప్పి బయటపడితిమి.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట వీధి యరుగుమీద గూర్చుండియుండగా, చిన్ననాడు మా తాతగారు తెల్లవారుజామున లేపి వల్లెవేయించిన అమరకోశము అప్రయత్నముగా నోటికి వచ్చినది. రెండవ కాండము, క్షత్రియవర్గము: రథములు, శకటము, చక్రము, నేమి, నాభి, నాభిని దాటిన వెంటనే ఇరుసు కొనను గుచ్చు కీల. దాని పేరు అణి. ముప్పదియైదేండ్ల క్రిందట అర్థము తెలియక వల్లించిన పదము తన పొరుగువారి చేయి పట్టుకొని వచ్చి మా యెదుట నిలిచినది.

మఱునాడు ఆ బాలికను బిలిచి, కొంత గర్వముతోడనే, "అణి" యని చెప్పితిమి. ఆమె మర్యాదగా వినినది. విని, "మా తాత నడిగానండీ, కడచీల అన్నాడండీ" అని తన నోటుపుస్తకమును జూపినది. మేము ఇంటికి బోయి బ్రౌనుదొర నిఘంటువును దెఱచితిమి. కడచీల యున్నది. 1852 లో అచ్చుపడిన పుస్తకమున, కకారములో, తన చోట నది సుఖముగా గూర్చుండియున్నది. పుస్తకములోనున్న ఆ పదమును, వస్తువు నెఱిగిన బాలికయు గనలేకపోయినది. ఇరువది యేండ్లుగా తెలుగు చదువుచు చెప్పుచున్న మేమును గనలేకపోతిమి. లోపము మాలో గలదు, కాదనము. కాని సగము లోపము నిఘంటువుల కూర్పులో గలదని మా యభిప్రాయము. ఆ కూర్పును గూర్చియే ఇచట విచారింపదలచితిమి.

నిఘంటువును విమర్శించునపుడు మనవారు పదములెన్ని చేరినవి, అర్థములు సరియైనవా, ప్రయోగములు ప్రామాణికములా యని చూతురు. ఏ పదమును ఏ పదము ప్రక్కన బెట్టిరను విషయమును గుమాస్తాపనిగా నెంచి విడిచిపెట్టుదురు. ఇది పొరపాటని మేమనుకొనుచున్నాము. ఏ వస్తువు ప్రక్కన ఏ వస్తువు కంటబడునో దానినిబట్టి తరువాతి తలంపు పుట్టును. పోపులపెట్టె మూత తీసిన యిల్లాలికి ఆవాల ప్రక్కన జీలకఱ్ఱ, జీలకఱ్ఱ ప్రక్కన మెంతులు కంటబడును. చేయి తనంతట తాను పనిచేయును. ఆ దినుసులనే ఎవడైన పండితుడు అకారాదిక్రమమున అలమారులో పేర్చి, ఆవాలను మొదటి యఱలోను, మెంతులను కడపటి యఱలోను బెట్టినయెడల ఆమె పోపు మాడక మానదు. పుస్తకములో పదముల పేర్పును ఇట్టిదే. అది ఆలోచనకు తోడుపడును, లేదా అడ్డుపడును. ఒక్కొక్కప్పుడు మనకు తెలియకుండ తప్పుదారి పట్టించును.

అమరకోశమునే మొదట తీసికొందము. దాని యసలు పేరు నామలింగానుశాసనము. సుమారు 1500 అనుష్టుప్పులు, మూడు కాండములు. మొదటి కాండమున స్వర్గము, ఆకాశము, దిక్కులు, కాలము, బుద్ధి, శబ్దము, నాట్యము మొదలగునవి చెప్పి పాతాళనరకములకును జలములకును దిగును. రెండవదానిలో భూమి, పురము, కొండలు, ఓషధులు, మృగములు, మనుష్యులు, వారి పిమ్మట నాలుగు వర్ణములు. మూడవదానిలో విశేషణములు, నానార్థములు, అవ్యయములు, లింగవిచారము. నేటి బాలురు దీనిని బట్టీపట్టించు శిక్ష యని నవ్వుదురు. నవ్వుటకు ముందు అందలి పనితనమును గొంచెము చూడవలెను.

ఇది చెవికొఱకు కూర్చిన గ్రంథము. అచ్చుపుస్తకములో ఒక పర్యాయపదముల గుంపు ముగిసి మఱియొకటి మొదలగుటను మనము చుక్కచేతనో, ఎడముచేతనో, క్రొత్త పంక్తిచేతనో చూపుదుము. నోట బలుకు శ్లోకమున చుక్క యెక్కడిది? అందుచేత అమరసింహుడు, "తు" అను శబ్దము చివర గల పదమును గాని "అథ" అను శబ్దము మొదట గల పదమును గాని వెనుకటి గుంపుతో కలుపరాదని గ్రంథాదియందే కట్టుబాటు చేసెను. మూడు లింగములు గల పదమునకు "త్రిషు" అనియు, పుంస్త్రీలింగములు రెండును గలదానికి "ద్వయోః" అనియు గురుతులు పెట్టెను. మేము చెప్పిన అణిశబ్దముకడ ఈ "తు"వును గలదు, ఈ "ద్వయోః"యు గలదు. అనగా మనము నేడు కాగితముమీద విరామచిహ్నములతోను, పొడియక్షరములతోను చేయు పనిని ఆయన ఛందస్సు చెడకుండ ధ్వనులతో చేసెను. చిన్ననాడు మేము వీనిని పాదపూరణమునకు వేసిన పొల్లుమాటలనుకొంటిమి. మాకు ఎవరును చెప్పలేదు. చెప్పిన పిమ్మట గాని ఆ పుస్తకము మీద మాకు గౌరవము కలుగలేదు.

అక్షరక్రమము ఆయనకు తెలియకపోలేదు. నానార్థవర్గమున పదములను వాని కడపటి హల్లునుబట్టి కాంతములు, ఖాంతములు అని వరుసగా గూర్చెను. అక్కఱ యున్నచోట వాడుకొని, లేనిచోట విడిచెను. గ్రంథమంతయు అకారాదిగా గూర్పకపోవుటకు వేఱొక హేతువును మాకు తోచుచున్నది. తాళపత్రమున పదమునకు పదమునకు నడుమ ఎడము విడుచు వాడుక లేదు. అక్షరములు గొలుసువలె సాగిపోవును. ఒక ప్రతిలో నలుబదవ యాకున నున్న శ్లోకము మఱియొక ప్రతిలో ముప్పదియాఱవ యాకున నుండవచ్చును. "ఇన్నవ పుట చూడుము" అనుట ప్రతులన్నియు ఒక్క తీరుననుండు అచ్చుపుస్తకములకే చెల్లును. కావున తాటియాకుల కాలమున విషయసూచిక యుండదగిన చోటు మనుష్యుని తలయొక్కటియే. తలలో నిలుచుటకు వస్తువుల పొరుగు పనికివచ్చినట్లు అక్షరముల పొరుగు పనికిరాదు.

ఇంతవఱకు చదివి, మేము ప్రాచీనపద్ధతిని పునరుద్ధరింప గడగితిమని మా పండితమిత్రులు సంతోషింపవచ్చును. వారిని నిరాశపఱుపవలసియున్నది.

అమరమున వీణ యెక్కడ నున్నది? మొదటి కాండమున, నాట్యవర్గములో, స్వర్గమునకు చేరువను. ఆ వీణను వాయించు వైణికుడెక్కడ? రెండవ కాండము కొనను, శూద్రవర్గములో. మృదంగము పైన, మార్దంగికుడు క్రింద. మేము వెదకిన కడచీల రథముతోబాటు క్షత్రియవర్గమున నున్నది. ఆ రథమును జేసిన రథకారుడు, అనగా ఆ బాలిక తాత, శూద్రవర్గములో నున్నాడు. ఆ వర్గమున నతని కెవరు పొరుగు? సాలెవాడు, కుమ్మరి, కమ్మరి, కంసాలి. మంచిదే, పనివారందఱు నొకచోట చేరిరి. కాని ఆ వర్గముననే దొంగకు గల పర్యాయపదములును, మద్యమునకు గలవియు, జూదమునకు గలవియు నున్నవి. మగ్గమును దాటి కొంతదూరము పోవునప్పటికి కల్లుకుండ యెదురగును.

అమరసింహుడు పనిగట్టుకొని శిల్పులను నిందించెనని మేము చెప్పుటలేదు. ఆయన యందొక్క నిందావాక్యమును లేదు. ఇక్కడనే మా భయమంతయు నున్నది. నిందావాక్యమున్నచో బుద్ధిమంతుడు దానితో తగవుపడవచ్చును. పేర్పుతో నెవడు తగవుపడును? ఎనిమిదేండ్ల బాలుడు అర్థము తెలియకయే మగ్గమును, దొంగను, కల్లును ఒక్క యూపిరిలో వల్లించును. పెద్దవాడైన పిమ్మట ఆ మూడును ఒక్క జాతివని యతనికి తోచినయెడల, ఎవరు చెప్పగా తోచినదో యతనికే తెలియదు. మేమట్టి బాలురమే. మఱియొక చిత్రము: రోగముల పేర్లన్నియు మనుష్యవర్గమున నున్నవి, నాలుగు వర్ణములకును ఉమ్మడిగా. జ్వరమునకు వర్ణభేదము లేదని యాయన యెఱుగును. బాడిసకే వర్ణము వచ్చినది.

తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును వ్రాసినపుడు అమరము త్రోవనే నడచెను గాని వర్గులను ఐదుగా దగ్గించెను: దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థవర్గులు. మానవులందఱికిని ఒక్కటే వర్గు. ఆయన సంఘసంస్కర్త కాడు. పని కుదించుకొనుటకే యట్లు చేసియుండును. అయినను ఆ కుదింపువలన జరిగిన మేలు మేలే.

ఇక అకారాదిక్రమము. మన వర్ణమాల స్వయముగా నొక చక్కని కూర్పు. గొంతునుండి పెదవుల వఱకు ఐదు చోట్లు, చోటున కైదక్షరములు. పిల్లవాడు నోరు తెఱచి పలుకుచుండగనే ఎందుకీ వరుసయో తెలిసిపోవును. రోమను లిపిలో ఏ తరువాత బీ యేల వచ్చినదన్న చెప్పువాడు లేడు. (క్షకారమును వాచకములో తుద నుంచి, నిఘంటువులో కకారమున జొనిపి, క్షమ యను పదమునకై పిల్లలను పుస్తకము కొనవఱకు పరుగెత్తించుట మాత్రము మనవారి వినోదము.) అయితే అక్షరముల వరుసకు గల హేతువు ఆ వరుసను గూర్చిన పదములకు లేదు. అవి తొలియక్షరమువలన పొరుగువారైనవి, అంతియే.

మచిలీపట్టణపు వర్తకుడగు మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపికను అకారాదిగా గూర్చెను. కాంబెలుదొర 1821 లో ప్రకటించిన నిఘంటువునకు అది యాధారమైనది. తెలుగున ఈ పద్ధతికి దారితీసినవాడు పద్యకవి గాక వర్తకుడగుట మాకు వింతగా దోచదు. పేరునుబట్టి పద్దు వెదకికొనుట ఖాతాపుస్తకము గలవాని యవసరము గదా! పిమ్మట 1852 లో బ్రౌనుదొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1885 లో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము, 1936 లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు. కడపటిది ఎనిమిది సంపుటముల మహాగ్రంథము. దాని పదసంపదను గూర్చి చెప్పవలసినది చాల గలదు గాని, కూర్పు విషయమున అది పాతబాటనే నడచినది.

ఈ క్రమమునకు గల గొప్పగుణము నిష్పక్షపాతము. దీనిలో వీణయు వకారమే, వైణికుడును వకారమే. అమరసింహుడు రెండు వర్గముల కెడబాపిన రథమును, రథకారుని అకారాది ప్రక్కప్రక్కను గూర్చుండబెట్టినది. రాజును రజకుడును ఒకే రకారపు గడప త్రొక్కవలెను. ఇది యెవరి యుదారబుద్ధిచేతను గలిగినది కాదు, గ్రుడ్డితనముచేత గలిగినది. కాని గ్రుడ్డిదైన న్యాయదేవతనే గదా లోకము పూజించుచున్నది.

గ్రుడ్డితనమునకు తగిన నష్టమును గలదు. బండిని అకారాదిక్రమము ఏమి చేసినదో చూడుడు. ఆకులు ఆకారమునకు బోయినవి, ఇరుసు ఇకారమునకు, కాడి, కడచీల కకారమునకు, చక్రము చకారమునకు, నొగ నకారమునకు. బండి యూడదీసి అక్షరమున కొక ముక్కగా వేలము వేసినట్లయినది. ముక్కలన్నియు భద్రముగానే యున్నవి, ఒక్కటియు పోలేదు. బండి మాత్రము లేదు. ఒక ముక్క పేరు తెలిసినవానికి రెండవ ముక్క కడకు త్రోవ లేదు. తెలిసినదానినుండి తెలియనిదానికి బోవుటయే గదా విద్య? నిఘంటువు తెలిసినదాని కర్థము చెప్పి అక్కడనే ఆగిపోవుచున్నది.

శబ్దరత్నాకరమును గూర్చి మఱియొక మాట. అందు ప్రతిపదమునకు మొదట "సం." అనియో, "వై." అనియో, "దే." అనియో పొడియక్షరముండును, పదము సంస్కృతమా, వైకృతమా, దేశ్యమా యని తెలుపుటకు. పిమ్మట వ్యాకరణము. ఆ పిమ్మట అర్థము. అనగా పదము గడప యెక్కగానే ముందు కులమడిగి, తరువాత లింగమడిగి, తీరికగా "నీవేమి పనిమీద వచ్చితివి?" అని యడుగుచున్నారు. దుష్టసమాసములు దొరలకుండ పద్యము చెప్పువానికి ఈ గురుతులు కావలసినవే. ఆచార్యులవారు అట్టి వారికొఱకే గ్రంథము చేసిరి, ఆ పని నిర్దుష్టముగా జేసిరి. కాని నేడు ఆ పుస్తకమును దెఱచు నూర్గురిలో పద్యము వ్రాయువారెందఱు? అర్థమును ముందుకు దెచ్చి కులమును వెనుకకు ద్రోసిన గ్రంథమునకు గలుగు నష్టమేమియు లేదు. బ్రౌనుదొరయు, కచేరీలోను బజారులోను వాడుక యగు అన్యదేశ్యములను విడదీసి 1854 లో మిశ్రభాషానిఘంటువని వేఱొక పుస్తకము చేసెను. కచేరీ యుద్యోగుల సౌకర్యమునకే కావచ్చును. జప్తు, జమాబందీ, దస్తావేజు వంటి మాటలు గదా రైతు కొంప ముంచునవి! అవి యొక పుస్తకమున, రైతింటి మాటలు మఱియొక పుస్తకమున. ఆ మాటకు వచ్చిన రైతు అను పదమే పరదేశమునుండి వచ్చినది.

బ్రౌనుదొర నిఘంటువు వెలువడిన 1852 లోనే లండనులో రోజే అను వైద్యుడు థిసారస్ అను పుస్తకమును ప్రకటించెను. ఈ రెండును ఒక్క యేటివగుట కాకతాళీయమే. కాని మా వాదమునకు మిక్కిలి యనుకూలము. పదమునుండి యర్థమునకు బోవుట నిఘంటువు పద్ధతి. ఆయన దానిని దిరుగవేసి, భావమునుండి పదమునకు త్రోవ వేసెను. 1805 లో తన సొంతపనికై వ్రాసికొన్న చిన్న పట్టిక దీనికి మొలక. ఆఱు తరగతులు, వాని క్రింద వేయి శీర్షికలు. ఒక భావమును దాని విరుద్ధభావమును ఒక్క పుటలోనే రెండు నిలువు వరుసలుగా నెదురెదుట నిలిపెను. ధైర్యమును జెప్పు మాటలకై వచ్చినవాని కన్ను పిఱికితనమును జెప్పు మాటలమీదను బడును. తనకు కావలసినది ఆ రెంటికి నడుమ నున్నదని యపుడు తెలియును. ఈ యెదురుకూర్పులో నున్న సహాయము ఏ యర్థవివరణములోను లేదు. పుస్తకము చివర అకారాదిసూచిక. భావము తెలిసినవాడు ముందుతలుపున, ఏదో యొక పదము మాత్రమే తెలిసినవాడు పెరటితలుపున వచ్చి ఒకే యింటిలో కలిసికొందురు.

రోజే తన పీఠికలో ఇట్టి ప్రయత్నములలో తొలిది అమరకోశమే యని యొప్పుకొనెను; కోల్‌బ్రూకు దొర ఇంగ్లీషు భాషాంతరీకరణమును జూచి చెప్పిన మాట యది. ఒప్పుకొని, మనోవ్యాపారముల విషయమున దాని కూర్పు గందరగోళమనియు ననెను. ఈ యాక్షేపణ సగము నిజము. బుద్ధివర్గమును కాలవర్గమునకు చేరువగా స్వర్గకాండమున బెట్టినవానికి మనోవ్యాపారములమీద గౌరవము లేదనరాదు. అమరమును కంటితో జదువుట వేఱు, చెవితో వినుట వేఱు. ఆయనకు చెవితో విను భాగ్యము కలుగలేదు. మఱి యాయన మేడలో మాత్రము? సత్తాసామాన్యాదులకు విశాలమైన గదులున్నవి గాని వడ్రంగి కొట్టునకు చోటు బహుకొంచెము.

ఆ కొట్టును మన భాషలో వెదకినవారు గలరు. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశమును వ్యవసాయపదములతో 1962 లో ఆరంభించిరి. చేనేతపదముల సంపుటము 1971 లో వెలువడినది. పద్యములలో గాక రైతులను, నేతగాండ్రను పలుకరించి, జిల్లాలవారీగా వారి నోటిమాటలను సేకరించి కూర్చిన గ్రంథములివి. వృత్తిపదములు వృత్తి ప్రక్కన నుండవలెనని యొప్పుకొనుటయే ఒక మార్పు. అమరమున శూద్రవర్గపు మూలనున్న మగ్గమునకు ఇట నొక సంపుటమే దక్కినది. ఇవి గ్రంథాలయములకు చేరినట్లు పాఠశాలలకు చేరలేదు. మా బడిలో లేవు.

ఇంత తడవు మేము పుస్తకములను గూర్చి మాటాడుచుండగా మా తోటి యుపాధ్యాయుడొకడు, యువకుడు, ఓపిక పట్టలేక తన ఫోనును దీసి, "ఏ మాట కావాలన్నా ఇందులో క్షణంలో వస్తుంది కదండీ, ఇంక వరుసతో పనేముంది?" అనెను. నిజమే. కడచీల యని వ్రాసిన వెంటనే అర్థము వచ్చినది. ఏ యక్షరము ముందు, ఏది వెనుక యను బెడదయే లేదు. అయితే ఆ పదము ఒంటిగా వచ్చినది. దానికి వెనుక నేమున్నదో, ముందేమున్నదో చూపలేదు. అకారాదినిఘంటువులో నైనను పుట తిప్పుచుండగా పనికిరాని పొరుగువాడైన నొకడు కంటబడి పలుకరించును. ఎన్నియో మంచి మాటలు మేము వేఱొక మాటకై వెదకుచు నేర్చుకొన్నవే. వస్తువును వర్ణించి యడిగిన ఫోను పేరును జెప్పగలదని యాతడు వాదించెను. చెప్పినదనియే యనుకొందము. అడిగినదానికి జవాబు వచ్చును. చక్రము అంచునకు వేఱొక పేరున్నదనియు, ఆకులు వచ్చి చేరు నడిమిదిమ్మకు మఱియొక పేరున్నదనియు నెఱుగని బిడ్డ వానిని గూర్చి యడుగనే యడుగదు. అమరమున కీల కడకు బోవు త్రోవలో మాకవి రెండును ఎదురైనవి. మేము యంత్రమునకు శత్రువులము కాము. అనేక నిఘంటువులను ఒక్కసారిగా వెదకు సౌకర్యము మా తాతగారికి దొరకియుండిన ఆయన రాత్రులు నిద్రపోయియుండరు. యంత్రముచేతనే పొరుగును జూపించుట యసాధ్యమనియు మేమనము. చూపింపవలెనని కోరువారు లేరు, అంతియే మా ఫిర్యాదు.

మాకు కావలసిన పుస్తకము విషయానుసారముగా నుండవలెను. తుద నకారాదిసూచిక యుండవలెను. ఇల్లు, పొలము, మగ్గము, పడవ, వంట, కచేరీ, ఆసుపత్రి ఒక్కొక్కటి యొక్కొక్క చోట, పై క్రింది మెట్లు లేక యుండవలెను. పర్యాయపదముల పుస్తకములు మనకు లేకపోలేదు గాని, మేము చూచినవి పేరు తెలిసినవానికే పనికివచ్చునవి. ఇట్టి గ్రంథము పండితసభ లొక్కటే చేయదగినది కాదు. వస్తువు తెలిసినవారి కడకు బోయి యడుగువారు కావలెను, వారు చెప్పినదానిని తగిన చోట నుంచువారును కావలెను.

మొరేవియాదేశపు ఉపాధ్యాయుడు కొమీనియసు 1658 లో న్యూరెంబర్గులో పిల్లలకై యొక పుస్తకమచ్చువేయించెను. ప్రతి పాఠమునకు నొక చిత్రము; చిత్రములోని ప్రతి వస్తువునకు నొక యంకె; ఆ యంకెలతోనే క్రింద లాటినుమాటయు జర్మనుమాటయు. పేరు తెలియని పిల్లవాడు వస్తువును జూచి, అంకెను బట్టుకొని పేరు కడకు బోవును. అందు బండి చిత్రమును గలదు. ఇరుసు కొనను గుచ్చు కీలకును అక్కడ నొక యంకె గలదు. మూడువందల యేండ్లకు పైగా గడచినవి. మేము తెలుగు బడిలో "ఇనుపముక్క" అని వ్రాయించితిమి.

ఈ సంవత్సరము మేము వ్యాసము వ్రాయింపలేదు. ఆ బాలిక తాతను బడికి బిలిచి, అరుగుమీద కుర్చీ వేసి గూర్చుండబెట్టితిమి. పెద్ద డ్రాయింగు కాగితముమీద పిల్లలు బండి బొమ్మ గీచిరి. ఆయన రెండుసార్లు తప్పు దిద్దెను. కాడి మఱీ చిన్నదైనదట, ఎడ్లు మెడ తిప్పలేవట. ముక్కముక్కకు అంకె వేసి ప్రక్కన గీతలు గీచి పేర్లు వ్రాసితిమి. ఇరుసు, ఆకులు, నొగలు నడచిపోయినవి. ఏడవ యంకెకడ చిక్కు వచ్చినది. తాత కడచీల యనెను. ఏటి యావలి యూరి బాలు డొకడు తమ యింట దానిని సీల యనియే యందురని పట్టుపట్టెను. వృద్ధుడు కొంచెమాలోచించి, "ఆ ఊళ్లో అలాగే అంటారు" అనెను. మేము ఒక్కొక్క యంకెకు ఒక్క పేరు పట్టునంత గీతయే గీచియుంటిమి. ఆ బాలిక స్కేలు తీసికొని గీతను కాగితపు టంచువఱకు పొడిగించినది.